సవరణ: పీటర్ లోరే తొలి హాలీవుడ్ చిత్రం ‘కాసాబ్లాంకా’ కాదు

నటుడు పీటర్ లోరే జర్మనీలో పుట్టారనీ, 1942 నాటి ‘కాసాబ్లాంకా’తోనే హాలీవుడ్‌లో అడుగుపెట్టారనీ క్రితం వ్యాసంలో రాశాను. రెండూ తప్పులే, పాఠకులు మన్నించాలి.

ఆయన 1904లో, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండి నేడు స్లొవేకియాలో ఉన్న ఒక పట్టణంలో, యూదు కుటుంబంలో జన్మించారు. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘ఎమ్’ చిత్రం (1931)తో గొప్ప పేరు వచ్చినా, హిట్లర్ అధికారం చేపట్టాక 1933లో జర్మనీని వదిలి, పారిస్, లండన్‌ల మీదుగా అమెరికా చేరుకున్నారు. లండన్‌లో హిచ్‌కాక్ చిత్రంలో నటించేనాటికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడంతో, సంభాషణలను ధ్వనుల ప్రకారం కంఠస్థం చేశారు. అమెరికాలో ఆయన తొలి చిత్రం 1935 నాటి ‘మ్యాడ్ లవ్’.

‘కాసాబ్లాంకా’లో ఆయన కనిపించేది కొద్ది నిమిషాలే. అయినా పోలీసులు వెంటపడగా, ఆ పెద్ద కళ్లలో భయం నింపుకొని, కాపాడమని కథానాయకుడు రిక్‌ను పట్టుకుని వేడుకునే ఆయన పాత్ర ఉగార్తేను మరచిపోవడం నావల్ల కాదు.