ఎక్స్‌రేలో చేయి తిరగకుండానే ఎమ్మారైకి తొందరెందుకు?

రేడియాలజీ టెక్నాలజిస్ట్ కోర్సులో చేరే పిల్లలు గానీ, వాళ్ల తల్లిదండ్రులు గానీ మొదట అడిగేది సీటీ, ఎమ్మారై ఎప్పుడు నేర్పుతారనే. మామూలు ఎక్స్‌రే అంటే చిన్నచూపు. మా మాట అందుకు పూర్తిగా ఎదురు: శిక్షణలో ఎక్కువ కాలం ఎక్స్‌రే గదిలోనే గడవాలి, డిజిటల్ యంత్రాలు వచ్చాక మరీను.

ఫిల్ము రోజుల్లో తప్పు దాగేది కాదు. రేడియేషన్ మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లబడేది, తక్కువైతే తెల్లగా తేలిపోయేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రెండింటినీ సరిచేసి చూపిస్తుంది. మోతాదు బాగా తగ్గితే బొమ్మ ఇసక చల్లినట్టు వస్తుంది, రేడియాలజిస్ట్ వెనక్కి పంపుతారు. పెరిగితే బొమ్మ ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు. దాంతో ఎంఏఎస్ (ఎంత రేడియేషన్ వెలువడాలో నిర్ణయించే సెట్టింగు) కాస్త పెంచి కొట్టడం విద్యార్థికి అలవాటైపోతుంది. ఆ భారం రోగిది.

విరుగుడు తెర మీదే ఉంది. డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె అది. 0 అయితే, కిరణాల్ని అందుకుని బొమ్మగా మార్చే డిటెక్టర్‌కు చేరాల్సినంతే చేరినట్టు. ప్లస్ 3 అయితే రెట్టింపు, మైనస్ 3 అయితే సగం. బొమ్మ బాగుందా అని చూసే ముందు ఆ అంకె చదవమనాలి. అయితే అది రోగి ఒంటికి తగిలిన మోతాదు కాదు, డిటెక్టర్‌కు చేరింది మాత్రమే. ఈ తేడా చెప్పలేని విద్యార్థికి ఫిజిక్స్ పేపర్లో ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు.

కొలిమేషన్, అంటే కిరణాలు పడే మేరను (ఫీల్డ్) కావలసిన భాగానికే కుదించడం, దాని సంగతీ ఇంతే. ఫీల్డ్ బార్లా తెరిచి తీసి, తర్వాత తెర మీద అంచులు కత్తిరిస్తారు. బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. కానీ కత్తిరించిన భాగానికీ రేడియేషన్ తగిలింది. చెదిరిన కిరణాలు పెరిగి కాంట్రాస్టూ పోయింది.

ఇక పొజిషనింగ్, అంటే రోగిని సరైన భంగిమలో ఉంచడం. ఛాతీ పీఏకి (వీపు వైపు నుంచి కిరణాలు పంపి తీసే బొమ్మకి) ట్యూబ్ నుంచి డిటెక్టర్‌కు 180 సెం.మీ. దూరం, చెదిరిన కిరణాల్ని ఆపే గ్రిడ్‌తో 110 నుంచి 125 కేవీ (ట్యూబ్ వోల్టేజీ). ఇవి ఎవరైనా బట్టీ పడతారు. భుజాలు ముందుకు తిప్పకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. మనిషి కాస్త పక్కకు తిరిగితే ఒక ఊపిరితిత్తి రెండోదానికంటే నల్లగా కనిపించి, లేని జబ్బును చూపిస్తుంది. కాలర్ ఎముకల లోపలి కొనలు రెండూ వెన్నుముల్లుకు సమాన దూరంలో ఉన్నాయా అని చూస్తే ఈ తప్పు పట్టుబడుతుంది. ఇది చేత్తో చేస్తేనే వస్తుంది.

సీటీలోనూ తప్పించుకోలేరు. రోగిని గాంట్రీ (స్కానర్ గుండ్రటి భాగం) మధ్యలో పడుకోబెట్టకపోతే, ఎక్స్‌రే ట్యూబ్‌కు దగ్గరైనప్పుడు స్కౌట్‌లో (స్కాన్‌కు ముందు తీసే నమూనా బొమ్మలో) లావుగా కనిపిస్తాడు, యంత్రం తనంతట తానే ట్యూబ్ కరెంటు, దాంతో మోతాదు పెంచేస్తుంది. దూరమైతే సన్నగా కనిపిస్తాడు, బొమ్మ ఇసకైపోతుంది.

అందుకే లాగ్‌బుక్‌లో కేసుల సంఖ్య చూసి సంతకం పెట్టే పద్ధతి మాకు నచ్చదు. వారానికోసారి పనికిరాకుండా పోయిన బొమ్మల్ని తెరిచి, ఒక్కోటీ ఎందుకు పోయిందో విద్యార్థి చేతే చెప్పించాలి. నిలబడలేని రోగికి, మోకాలు కదపలేని రోగికి ఎవరూ పక్కనుండి అందించకుండా బొమ్మ తీయగలిగితేనే సంతకం పెట్టాలి.