మేడగదిలో ఏ భాష?

పోయిన ఏడాది పెంతెకొస్తు ఆదివారం అమెరికాలోని మా తెలుగు ఆరాధనలో బైబిల్లోని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చదవడానికి ఒక పదమూడేళ్ల అమ్మాయి లేచింది. చేతిలో ఫోను, ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు. పార్తీయులు, మాదీయులు, ఏలామీయుల దాకా బాగానే సాగింది. కప్పదొకియ దగ్గర గొంతు ఆగింది. "కప్ప... కప్ప... దొకియ" అంది. వెనక వరుసల్లో పెద్దవాళ్లు ఫక్కున నవ్వారు. కప్ప అంటే ఏమిటో తెలియని పిల్లకు ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. ముఖం ఎర్రబడింది. మిగిలిన ఊళ్ల పేర్లన్నీ గొణిగేసి వెళ్లి కూర్చుంది.

నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

మాది మధ్యాహ్నం రెండు గంటల ఆరాధన. హాలు సొంతదారులైన సంఘం వాళ్లు వెళ్లిపోయాక, కుర్చీలు సర్దుకుని మేం మొదలుపెడతాం. ప్రతి కమిటీ సమావేశంలోనూ ఒకటే తగువు: పాటలు తెలుగులోనా, ఇంగ్లీషులోనా? ప్రసంగం ఎవరికి అర్థం కావాలి? పదేళ్లుగా నేను తెలుగు పక్షం. నా వాదానికి ఆధారంగా ఎప్పుడూ చూపించింది, యేసు శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడగా దేశదేశాల జనం ఎవరి భాషలో వాళ్లు విన్నారని చెప్పే ఈ రెండో అధ్యాయాన్నే.

ఇతర మతాల పాఠకుల కోసం రెండు మాటలు. పెంతెకొస్తు అనగానే మనలో చాలామందికి డప్పులు, చప్పట్లతో సాగే ఒక శాఖ గుర్తొస్తుంది. అసలు అది పండుగ పేరు. గ్రీకులో యాభయ్యవ రోజు అని అర్థం. యూదులకు అది గోధుమ కోతల కాలపు పండుగ. ఏడు వారాలు లెక్కపెట్టి, కొత్త పంట పిండితో చేసిన రెండు పులిసిన రొట్టెలు అర్పించాలని లేవీయకాండం 23వ అధ్యాయం చెబుతుంది. క్రైస్తవులకు ఈస్టరు మొదటి రోజైతే యాభయ్యో రోజున పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినం ఇది. 2026లో ఈస్టరు ఏప్రిల్ 5, యేసు పరలోకానికి వెళ్లిన ఆరోహణ దినం మే 14, పెంతెకొస్తు మే 24. ఆ మర్నాడే మెమోరియల్ డే సెలవు. అంటే ఆ వారాంతం సగం సంఘం సముద్రపు ఒడ్డునో పెళ్లిళ్లలోనో ఉంటుంది.

మన తెలుగు సంఘాలకు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మీద ఉన్న శ్రద్ధ ఈ యాభై రోజుల మీద లేదు. భస్మ బుధవారం నుంచి ఇంటింటా కూటాలు, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల పాటు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం, ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల తోటకు. అంతే, మంగళం పాడేస్తాం. ఏడవడానికి నలభై రోజులు కేటాయించి సంతోషానికి ఒక్క పూట ఇవ్వడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఆరోహణం నుంచి పెంతెకొస్తు వరకు మధ్యలో పది రోజులు. యెరూషలేములో శిష్యులు కూడుకున్న మేడగదిలో ఇంచుమించు నూట ఇరవై మంది. స్త్రీలున్నారు, యేసు తల్లి మరియ ఉంది. యేసును పట్టించిన యూదా స్థానంలో మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు. అది తప్పిస్తే ప్రార్థన, ఎదురుచూపు. ప్రత్యేక కార్యక్రమం అంటూ ఏమీ లేదు. మా కమిటీ అయితే పది రోజులు అలా ఊరుకోలేదు.

ఆ తర్వాత వస్తుంది, శిష్యుల మాటలు విన్నవాళ్ల ఊళ్ల జాబితా. పొంతు, ఫ్రుగియ, పంఫులియ, ఐగుప్తు, లిబియ, రోము, క్రేతు... చదివేవాళ్లకు నాలుక పరీక్ష, ప్రసంగించేవాళ్లు దాటేసే చోటు. కానీ వీళ్లంతా మన బాపతే, పొట్ట చేత పట్టుకునో తరాల కిందటే వలసపోయో పరాయి దేశాల్లో స్థిరపడినవాళ్లు. వాళ్లలో ఎక్కువమందికి గ్రీకో అరామికో వచ్చే ఉంటుంది. వెంటనే శిష్యుల్లో ఒకడైన పేతురు లేచి అందరికీ ప్రసంగించాడు. మధ్యలో అనువాదకుడి ప్రస్తావన లేదు. అర్థం కావడమే అవసరమైతే ఆ ఒక్క ప్రసంగం చాలు. మరి ఇన్ని భాషలెందుకు? సంతలో గ్రీకులో బేరమాడే పంఫులియ మనిషి, తన తల్లి తనను నిద్ర లేపిన మాటల్లో దేవుని కార్యాలు వింటున్నాడు. అందుకే జనం కలవరపడ్డారని ఈ పుస్తకం రాసిన లూకా అన్నాడు. మనుషుల ఒకే భాష తారుమారై పలు భాషలైన బాబెలు శాపం ఆ రోజు తీరిపోయిందని బోధకులు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. బాబెలుకు ముందున్న ఒకే భాష తిరిగి రాలేదు. అన్ని భాషలూ అలాగే ఉన్నాయి.

ఇంతవరకు నా వాదం నాకు అనుకూలమే. ఈ ఏడాది ఎనిమిదో వచనం దగ్గర చిక్కుకున్నాను. మన తెలుగు బైబిల్లో అక్కడున్నది "తాను పుట్టిన దేశపు భాష". నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. ఆ అమ్మాయి పుట్టింది న్యూజెర్సీలో. వచనం ప్రకారం ఆమె వాటా ఇంగ్లీషు. పదేళ్లుగా పిల్లల మీదికి నేను ఎక్కుపెట్టిన వచనం, చూసుకుంటే వాళ్ల పక్షాన ఉంది.

అలాగని తెలుగును వదులుకోమనను. పదిహేనో వచనంలో శిష్యులు తాగి ఉన్నారన్న నిందకు పేతురు జవాబు ఇంగ్లీషులో చదివితే, ఉదయం తొమ్మిదే కదా అయింది అని ఉంటుంది. తెలుగులో, పొద్దు బయలుదేరి జామైనా కాలేదంటాడు. ఆ జాములో మా తాతగారి పొలం గట్టు కనిపిస్తుంది నాకు. ఆ పిల్లకు కనిపించదు, ఎవరైనా పక్కన కూర్చుని చెబితే తప్ప.

ఈ తెలుగు వాక్యం మన చేతికి ఎలా వచ్చిందో కూడా తలచుకోవాలి. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో అనువాదానికి కూర్చున్నారు. 1812లో బెంగాలులోని సేరంపూరులో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు దొరలూ బతికి లేరు. మొదట్లో వాళ్లు పలికిన తెలుగుకు విశాఖ వీధుల్లో ఎంతమంది ఫక్కున నవ్వారో! వాళ్లూ ముఖం ఎర్రబడి కూర్చుండిపోయి ఉంటే?

భాషా తగువు మనకు కొత్త కాదు. అదే పుస్తకం ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు లేచింది. అపొస్తలులు సర్దిచెప్పి పంపలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే గరిటె ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే వెళ్లింది. మన దగ్గర పిల్లలకు ఇచ్చేది క్రిస్మస్ నాటిక, ప్రొజెక్టరు. కమిటీలో కుర్చీ కూడా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఈలోగా చిన్న పని ఒకటి మొదలుపెడుతున్నాం. మే 14 నుంచి పది రాత్రులు, తొమ్మిది గంటలకు ఫోనులో పావుగంట. మొదటి రెండు అధ్యాయాలు కొంచెం కొంచెంగా చదువుతాం. తెలుగును పిల్లలు చదవాలి, ఇంగ్లీషును పెద్దలు చదవాలి. జాబితా చదవమని ఆ అమ్మాయినే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంకుల్, ఇంగ్లీషులో అదే మీరు చదివితే చదువుతాను" అంది. సరేనన్నాను. అక్కడికక్కడే ఒకసారి చదివి వినిపించమంది. నేను కప్పడోకియా అన్నాను.

"కప్పడోషియా" అంది. ఫక్కున నవ్వింది కూడా.