రాత్రి ఆకాశం నల్లగా ఎందుకుంది?

సూర్యుడు లేడు కాబట్టి రాత్రి చీకటిగా ఉంటుంది. చిన్నప్పుడు అందరం ఇదే చెప్పాం. కానీ కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకుని, రెండు చుక్కల మధ్య ఉన్న ఆ నల్లటి ఖాళీని కాసేపు చూడండి. విశ్వానికి అంతు లేదు, నక్షత్రాలు అంతటా పరుచుకుని ఉన్నాయి, ఎప్పటినుంచో వెలుగుతూనే ఉన్నాయి అనుకుంటే ఆ ఖాళీ అక్కడ ఉండకూడదు.

పెద్ద సరుగుడు తోట నడిమధ్యలో నిలబడితే ఎటు చూసినా ఏదో ఒక చెట్టు అడ్డం వస్తుంది. అలాగే అంతులేని ఆకాశంలో ఎటు చూసినా చూపు చివరికి ఏదో ఒక నక్షత్రానికి తగలాలి. దూరపు వాటి వెలుగు తక్కువ కదా అంటారేమో. నిజమే, దూరం రెట్టింపైతే ఒక్కో నక్షత్రం వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, కానీ ఆ దూరంలో అంతే మందం ఉన్న పొరలో నక్షత్రాలు నాలుగు రెట్లుంటాయి, లెక్క సరికి సరి. అంటే రాత్రి కూడా ఆకాశమంతా సూర్యబింబంలా మండిపోవాలి! 1610లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ను ఈ ప్రశ్న తొలిచింది. 1823లో జర్మన్ వైద్యుడు, ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్ దీని మీద రాశాక ‘ఓల్బర్స్ పారడాక్స్’ అని ఆయన పేరే స్థిరపడింది.

మధ్యలో ఉన్న పదార్థం వెలుగును మింగేస్తోందని ఓల్బర్స్ అన్నాడు. అది నిలవదు, ఎందుకంటే అంత వెలుగు మింగిన ధూళి వేడెక్కి వేడెక్కి చివరికి తనే నక్షత్రంలా వెలగాలి.

తప్పు లెక్కలో లేదు, ‘ఎప్పటినుంచో’ అన్న మాటలో ఉంది. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్లు. ఆలోపు మన దాకా రాగలిగిన వెలుగే మనకు కనిపిస్తుంది, ఆ హద్దు లోపలి నక్షత్రాలు ఆకాశాన్ని నింపడానికి ఏ మూలకూ చాలవు. తోట ఎంత పెద్దదైనా కంటికి అందేవి నాలుగు వరసలే. పైగా విశ్వం సాగుతూ దూరపు వెలుగును కూడా సాగదీసి బలహీనం చేస్తోంది.

పారడాక్స్‌కు మనకు విరోధాభాసం అనే మాట ఉంది, అలంకారశాస్త్రంలోది. విరోధంలా కనిపించి, అర్థం విడదీయగానే పోయేది. ఫిజిక్స్‌లో పేరుపడ్డ పారడాక్స్‌లలో చాలావాటికి ఇంతకంటే సరైన పేరు లేదని నా నమ్మకం. ‘సైన్స్ కూడా చేతులెత్తేసింది’ అంటూ వీడియోల్లో వీటిని చూపిస్తుంటే నిజంగా బాధేస్తుంది, అసలు కథ మొదలయ్యేది అక్కడే కదా.

కవలల పారడాక్సే తీసుకోండి. వేగంగా కదిలేవాడికి కాలం నెమ్మదిస్తుంది కాబట్టి, ఒకడు భూమ్మీదే ఉండిపోతే, కాంతి వేగానికి దగ్గరగా రాకెట్‌లో వెళ్లొచ్చిన రెండోవాడు తక్కువ వయసుతో తిరిగొస్తాడు. కదిలింది నువ్వేనని ఇద్దరూ అనుకోవచ్చు కదా, మరి ఒకడికే ఎందుకు? ఎందుకంటే ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు, వెనక్కి తిరిగింది ఒక్కడే. కాలం నెమ్మదించడం ఉత్త ఊహ కాదు. సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గాలిలో పుట్టే మ్యూయాన్ అనే అతిచిన్న కణం సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, కాంతి వేగంతో వచ్చినా 660 మీటర్లు దాటకూడదు. అయినా ఇది చదువుతున్న మీ అరచేతిలోంచి సుమారు సెకనుకొకటి దూసుకుపోతోంది, దాని గడియారం మన లెక్కలో నెమ్మదించింది కాబట్టి.

మళ్లీ ఆ నల్లటి ఖాళీ దగ్గరికొద్దాం. అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు రేడియో యాంటెన్నాలో ఏ దిక్కుకు తిప్పినా ఒకేలా వినిపించే సన్నటి రొద దొరికింది, లోపల పేరుకున్న పావురాల రెట్ట కడిగినా పోలేదు. 1965లో దాన్ని లోకానికి ప్రకటించారు. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు, 3000 డిగ్రీల వేడిలోంచి బయల్దేరిన వెలుగు అది, దాదాపు 1100 రెట్లు సాగిపోయి మైక్రోవేవ్‌గా మారింది. ఆ రెండు చుక్కల మధ్య కూడా వెలుగే ఉంది, మన కళ్లకు అందని వెలుగు.