రుణదాత అయితే లెక్క చెప్పనక్కరలేదా?

జాంబియా రాగి గనుల ప్రాంతంలోని చాంబిషి వద్ద 2025 ఫిబ్రవరి 18న చైనాకు చెందిన సైనో మెటల్స్ కంపెనీ వ్యర్థాల కట్ట తెగి, ఆమ్లమూ భారలోహాలూ కలిసిన నీరు కాఫ్యూ నదిలో పడిన ఉదంతం పాఠకులకు తెలిసినదే. చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి, నది పక్కన పైర్లు మాడిపోయాయి, దాదాపు 7 లక్షల జనాభా గల కిట్వే నగరంలో కుళాయిలు ఆగిపోయాయి. ఆమ్లాన్ని విరవడానికి ఆ దేశ వైమానిక దళం విమానాల నుంచి నదిలోకి సున్నం గుమ్మరించవలసి వచ్చింది. ఇంత జరిగాక కూడా, బయటపడిన విషం ఎంత అన్న మొదటి ప్రశ్న దగ్గరే పేచీ పెట్టడం క్షమించరానిది.

తొలుత 5 కోట్ల లీటర్లన్నారు. కంపెనీ తానే నియమించుకున్న డ్రిజిట్ అనే సంస్థ 15 లక్షల టన్నులని లెక్కగట్టింది. తుది నివేదిక ఇవ్వవలసిన వేళకు ఆ సంస్థ ఒప్పందాన్ని కంపెనీ రద్దుచేసి, లెక్కే తప్పని వాదించింది. ఆగస్టులో అమెరికా రాయబార కార్యాలయం తన సిబ్బందిని ఆ ప్రాంతం విడిచి రమ్మంటే, కంగారుపడవలసిన పని లేదని జాంబియా ప్రభుత్వం చెప్పింది. రాయబార సిబ్బంది వెళ్లిపోగలరు. ఆ నీటినే నమ్ముకున్న రైతు ఎక్కడికి పోతాడు?

కంపెనీ క్షమాపణ చెప్పిందని, ఎవరూ ముందుకు రాని రోజుల్లో జాంబియాను టాంజానియాతో కలిపే టజారా రైలుమార్గం వేసింది చైనాయేనని కొందరు గుర్తుచేస్తున్నారు. నిజమే, కానీ ఆ మేలుకు ఈ విషం చెల్లు కాదు. 2020 నవంబరులో అప్పు కట్టలేక చేతులెత్తేసిన జాంబియాకు 2023లో 630 కోట్ల డాలర్ల ద్వైపాక్షిక రుణాలపై వెసులుబాటు దొరికింది. అందులో సుమారు 410 కోట్లు చైనాకు చెల్లించవలసినవే. రాజధాని లుసాకాలోని ప్రభుత్వం గొంతు పెగలకపోవడానికి ఈ అప్పే కారణమని మేము భావిస్తున్నాము. బాకీ ఉన్న దేశం రుణదాత కంపెనీని నిలదీయకూడదన్న ఆనవాయితీ ఇక్కడ స్థిరపడితే, అది చైనా కంపెనీలున్న కాంగో కోబాల్టు గనులకూ గినీలోని సిమాండూ ఇనుప కొండలకూ పాకుతుంది. 2024 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన చైనా-ఆఫ్రికా సదస్సులో 36,000 కోట్ల యువాన్ల హామీ అందుకున్న ఆఫ్రికా నేతలకు ఈ ఆనవాయితీ ఎంత ప్రమాదకరమో తెలియదా?

ఇదే కాఫ్యూ పరీవాహకంలో కాలుష్యంపై చింగోలా గ్రామస్థులు భారతీయ మూలాలున్న గనుల సంస్థ వేదాంతపై వేసిన దావాను లండన్‌లో విచారించవచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2019లో తీర్పునిచ్చింది. చాంబిషి రైతుకు బీజింగ్‌లో అటువంటి గడప ఏది? పరాయి దేశాల ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని చైనా పదే పదే చెబుతుంది. సైనో మెటల్స్ చైనా ప్రభుత్వరంగ గనుల సంస్థకు అనుబంధ కంపెనీ. అది చేసిన పాడు చైనా సొంత వ్యవహారమే, జాంబియా ఆంతరంగికం కాదు. డ్రిజిట్ లెక్క తప్పయితే, కంపెనీతో సంబంధం లేని నిపుణులచేత మళ్లీ కొలిపించి, ఫలితాన్ని ముందుగా కిట్వే ప్రజల ముందు పెట్టాలి. అది అడగడానికి కూడా జంకే ప్రభుత్వానికి, రేపు ఇంకో కట్ట తెగితే తన ప్రజల ముందు నిలబడే ముఖం ఉండదు.