పాతదైనంత మాత్రాన కామిక్ పుస్తకానికి లక్షలు రావు

"ఇంట్లో పాత కామిక్ పుస్తకాలుంటే పారేయకండి, ఆన్‌లైన్ వేలంలో ఒక్కోటీ లక్షలు పలుకుతుంది" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కింద ఐదు సలహాలు: పాతదైతే చాలు విలువున్నట్టే, మిగతావాళ్ళు పెట్టిన రేటు చూసి మీదీ లెక్కేసుకోండి, చిరుగులుంటే అతికించి నీటుగా చేసి పెట్టండి, గ్రేడింగ్ (పుస్తకం కండిషన్ చూసి మార్కులు వేయించడం) చేయిస్తే ధర రెట్టింపు, వేలం డాలర్ లోపే మొదలుపెట్టండి మిగతాది పాడేవాళ్ళే చూసుకుంటారు. రుజువు కింద 2014లో ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 32 లక్షల డాలర్లకు పోయిందని చెప్పారు. ఆ అమ్మకం నిజంగానే జరిగింది. దాన్ని చూపించి చెప్పిన సలహాలే చాలావరకు తప్పు.

ముందు వయసు సంగతి. 1938 నాటి ఆ సంచికకు అంత ధర రావడానికి కారణం సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించింది అందులోనే కావడం, పైగా ఆ కాలపు పుస్తకాలు పెద్దగా మిగలకపోవడం. పిల్లలు చదివి పారేసేవాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో పాత కాగితం సేకరిస్తుంటే కట్టలకు కట్టలు అందులో కలిసిపోయాయి. చాలామంది పెట్టెల్లో ఉండేవి మాత్రం 1990ల నాటివి, అక్కడ కథ పూర్తిగా తిరగబడింది. 1991లో ఎక్స్‌మెన్ కొత్త సిరీస్ మొదటి సంచికను ఐదు రకాల కవర్లతో 80 లక్షలకు పైగా ప్రతులు వేశారు. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచికను నల్ల కవర్లో సీల్ చేసి అమ్మితే, ముందు ముందు బోలెడు డబ్బొస్తుందని జనం ఆ కవరు కూడా విప్పకుండా దాచారు. అందరూ దాచిపెట్టిన వస్తువుకి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మోజు తీరాక దుకాణాలు వరసగా మూతపడ్డాయి, 1996 చివర్లో ఎక్స్‌మెన్ వేసే మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది.

ఇంకో మాట. "నా దగ్గర యాక్షన్ కామిక్స్ ఒకటో నంబరు ఉంది" అనేవాళ్ళు ముందు స్కేలు తీయాలి. 1974లో సూపర్‌మ్యాన్ ప్రచురణకర్తలు డీసీ వాళ్ళే దాన్ని పెద్ద సైజులో మళ్ళీ అచ్చేశారు, పైన ఉన్న అట్ట ఊడదీస్తే లోపల అచ్చం పాతదానిలాగే ఉంటుంది. అసలుది ఎనిమిది అంగుళాల వెడల్పు కూడా ఉండదు, ఈ రీప్రింట్ దాదాపు పది అంగుళాలు.

రేట్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, అడిగినంత మాత్రాన ఎవరూ ఇవ్వరు. అమ్ముడైపోయినవాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ సైటులో ఉంటుంది, అది పెట్టి, మీ పుస్తకంలాంటి కండిషన్‌లోనే ఉన్నవి ఎంతకు పోయాయో చూడండి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మూడో సలహా. దయచేసి ఏమీ అతికించకండి. సెలోటేప్ జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరక చేస్తుంది, అది పోదు. అట్ట మీద రంగు పోయినచోట స్కెచ్ పెన్నుతో దిద్దడం, అంచులు కత్తిరించి చక్కగా చేయడం ఇంకా ఘోరం: కొనేవాళ్ళు దీపం కింద పెట్టి చూస్తే తెలిసిపోతుంది, గ్రేడింగ్ చేసే సీజీసీ అనే సంస్థ అయితే 'రిస్టోర్డ్' అని ఊదారంగు లేబుల్ వేస్తుంది, దాంతో ధర బాగా పడిపోతుంది. తుప్పు పట్టిన పిన్నులు ఉన్నా అలాగే ఉండనిచ్చి, ఫొటోలో దగ్గరగా చూపించి, ఉన్నదున్నట్టు రాయడమే మేలు. లోపలి పేజీలు కూడా ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. ఎక్స్‌మెన్ హీరో వుల్వరిన్ మొదటిసారి పూర్తిస్థాయిలో కనిపించిన 1974 నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181నే తీసుకోండి, పాఠకుల ఉత్తరాల పేజీలో మార్వెల్ వాళ్ళు ఒక స్టాంపు బొమ్మ వేశారు, కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమని. చాలామంది పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. అట్ట తళతళలాడుతున్నా ఆ చిన్న ముక్క లేకపోతే పుస్తకం అసంపూర్ణం కిందే లెక్క, అందుకే తెలిసినవాళ్ళు మొట్టమొదట "స్టాంపుందా?" అని అడుగుతారు. ఆ సంగతి చెప్పకుండా అమ్మితే పుస్తకం వెనక్కొస్తుంది, గొడవ కూడా వస్తుంది.

గ్రేడింగ్ విషయంలో సగం నిజం ఉంది. హల్క్ 181 లాంటిదైతే తప్పకుండా చేయించండి, కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. కానీ 0.5 నుంచి 10 దాకా ఉండే ఆ మార్కుల స్కేలులో, మామూలు 1990ల పుస్తకానికి 9.4 వచ్చిందంటే ఫీజు, రానుపోను పోస్టేజీ కూడా తిరిగి రాకపోవచ్చు. ఆ కాలపు పుస్తకాల్లో గిరాకీ అంతా 9.8 మీదే, అదీ జనం వెతికే సంచికలకే.

ఇక డాలర్ లోపు వేలం. 2014 నాటి ఆ ప్రతి నిజంగానే 99 సెంట్లతో మొదలైంది, మెసేజ్ రాసినవాళ్ళు పట్టుకున్నది దీన్నే. అయితే అది సీజీసీ 9.0 ఇచ్చిన ప్రతి, అమ్మింది కామిక్స్ డీలర్, వేలం గురించి ముందే వార్తలొచ్చాయి. మీ పుస్తకం గురించి ఎవరు రాస్తారు? ఈబేలో గెలిచినవాడు తన గరిష్ఠ మొత్తం కట్టడు, రెండో స్థానంలో ఉన్నవాడి బిడ్ కంటే ఒక మెట్టు పైన కడతాడు, అంతే. ఒకాయన 500 డాలర్ల దాకా సిద్ధంగా ఉన్నా రెండోవాడు 40 దగ్గర ఆగిపోతే పాట కూడా ఆ దరిదాపుల్లోనే ఆగుతుంది, రెండోవాడే రాకపోతే 99 సెంట్లకు ఇచ్చుకోవాల్సిందే. ధర పెంచడానికి ఫ్రెండ్ చేత బిడ్లు వేయిద్దామా అంటే అది నిషేధం, అకౌంటే పోవచ్చు.

కాబట్టి పోటీ ఖాయమన్న సంచికకే తక్కువతో మొదలయ్యే వేలం పెట్టండి. మిగతావాటికి మీరు నష్టపోని ధర దగ్గర మొదలుపెట్టండి, లేదా నేరుగా ఫిక్స్‌డ్ రేటు పెట్టేయండి. సైటు ఫీజు పుస్తకం ధర మీదే కాదు, షిప్పింగ్ చార్జీ మీద కూడా పడుతుంది, అది ముందే కలుపుకోండి. ఆ 1990ల పెట్టెనైతే విడివిడిగా కాకుండా సిరీస్ ప్రకారం కట్టగట్టి అమ్మండి, ఒక్కో పుస్తకానికీ రెండు గట్టి అట్టముక్కలు పెట్టి పార్సిల్ చేసే శ్రమైనా తప్పుతుంది.