రెండొందల గంటలు ఆగాలట!

ఈ మెసేజ్ ఎన్నోసారి వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బావగారు కూడా "నీకు పనికొస్తుంది చూడు" అంటూ విడిగా పంపారు. "కొత్త హెడ్‌ఫోన్స్ కొన్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోకపోతే మీ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే" అని మొదలవుతుంది. అడుగున "సీనియర్ సౌండ్ ఇంజనీర్" అని ఉంటుంది, పేరు మాత్రం ఉండదు.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తాను. కొత్త హెడ్‌ఫోన్‌లో డయాఫ్రమ్, అంటే ఊగి శబ్దం పుట్టించే పల్చటి పొర, బిగుసుకుని ఉంటుందట. కొత్త బైక్ ఇంజన్‌కి చేసినట్టే దానికీ రన్నింగ్-ఇన్ చెయ్యాలట, దీన్నే బ్రేక్-ఇన్ అంటారు. ముందు ఎనిమిది గంటలు ఛార్జింగ్. తర్వాత పింక్ నాయిస్ (వాన హోరులాంటి చప్పుడు) పెట్టి ఫుల్ వాల్యూమ్‌లో వంద గంటలు. మధ్యమధ్యలో చెవులకి పెట్టుకుని వింటే చెవులు కూడా "సెట్" అవుతాయి. కేబుల్‌కి విడిగా యాభై గంటలు. మొదట మెలోడీలు, ఆ తర్వాతే మాస్ బీట్లు. రెండొందల గంటలు నిండేదాకా సౌండ్ బాలేదని అనకూడదు, వెనక్కి పంపకూడదు.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. ఎనిమిది గంటల ఛార్జింగ్ అనేది నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇప్పుడున్నవి లిథియం బ్యాటరీలు, నిండగానే సర్క్యూటే ఆపేస్తుంది. కేబుల్‌లో ఉన్నది రాగి తీగ. దానికి పాటలు అలవాటు చెయ్యనక్కర్లేదు. మెలోడీ ముందు, మాస్ తర్వాత అన్న వరుసకి ముహూర్తం కూడా పెట్టేస్తే సరిపోయేది.

ఇక బైక్ సంగతి. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి రాసుకుంటాయి. లోహం లోహాన్ని అరగదీసి సర్దుకుంటుంది కాబట్టే అక్కడ రన్నింగ్-ఇన్ కావాలి. మామూలు హెడ్‌ఫోన్ డ్రైవర్‌లో, అంటే శబ్దం పుట్టించే భాగంలో, ఉండేది పల్చటి ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన సన్నటి తీగచుట్ట. ఆ చుట్ట అయస్కాంతం సందులో దేనికీ తగలకుండా తేలుతూ ఉంటుంది. తగిలిందంటే అది డిఫెక్ట్. రాపిడే లేనిచోట అరిగి సర్దుకునేది ఏమిటో ఆ సీనియర్ గారే చెప్పాలి. కొన్ని ఇయర్‌ఫోన్లలో వాడే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్‌లోనైతే ఆడేది చిన్న లోహపు రేకు. అందులోనూ అరిగి సర్దుకునేది ఏమీ లేదు.

సరే, ప్లాస్టిక్ పొర కొంచెం సడలుతుందనే అనుకుందాం. ఒక కిలోహెర్ట్జ్ స్వరానికి ఆ పొర సెకనుకి వెయ్యిసార్లు ఊగుతుంది. గంటకి 36 లక్షలసార్లు. సడలాల్సింది ఏదైనా ఉంటే మొదటి పాటలోనే చాలావరకు సడలిపోతుంది. 36 లక్షల ఊపులకి కదలనిది 36 కోట్ల ఊపుల దాకా ఆగి, సరిగ్గా వందో గంటకి మనసు మార్చుకుంటుందా?

కొలిచినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో టిల్ హెర్ట్‌సెన్స్ అనే హెడ్‌ఫోన్ సమీక్షకుడు ఏకేజీ క్యూ701 మోడల్‌ని కొత్తగా తీసి, వాయిస్తూ, కొలుస్తూ పోయాడు. తేడా కనిపించింది, కానీ ఎంత చిన్నదంటే హెడ్‌ఫోన్‌ని కొలత బొమ్మ తలమీద కాస్త అటూఇటూ జరిపితే వచ్చే తేడాలో కలిసిపోయేంత. షూర్ కంపెనీ వాళ్లు 1997లో వచ్చిన తమ ఈ1 ఇయర్‌ఫోన్లని, బాగా వాడేసినవాటినే, మళ్లీ కొలిచి చూశామని, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన నాటి కొలతలే వచ్చాయని చెప్పారు.

పైగా ఒక విచిత్రం గమనించారా? బ్రేక్-ఇన్ అయ్యాక బేస్ పెరిగింది, గొంతు తేటపడింది, మృదువుగా మారింది అనేవాళ్లే అందరూ. "వంద గంటలు వాయించాను, అంతకుముందే బాగుండేది" అన్న మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. నిజంగా వస్తువే మారుతుంటే కొందరికైనా చెడగొట్టాలి కదా. ప్రపంచంలో ఉన్న ప్రతి డయాఫ్రమ్ యజమాని అభిరుచి తెలుసుకుని మరీ అటువైపే సడలుతుందంటే దానికి దణ్ణం పెట్టాల్సిందే.

వైర్‌లెస్ బడ్స్ ఉన్నవాళ్లకి ఈ సలహా ఎలా పాటించాలో అసలు అర్థం కాదు. చాలావాటికి ఒక ఛార్జికి ఐదారు గంటలు వస్తుంది. వంద గంటలంటే ఇరవైసార్లు నింపి ఖాళీ చెయ్యాలి. అంత బుల్లి బ్యాటరీ ఆయుష్షు వందల సైకిళ్లలోనే ఉంటుంది, అందులో ఇరవై నాయిస్‌కి నైవేద్యం. వేర్ సెన్సర్ ఉన్న బడ్స్ అయితే చెవిలోంచి తియ్యగానే పాట ఆపేస్తాయి. అప్పుడు కాపలా కూర్చోవాలి కాబోలు.

ఇప్పుడు అసలు నష్టం చేసే పాయింట్: "రెండొందల గంటలు నిండేదాకా వెనక్కి పంపకండి."

రెండొందల గంటలంటే ఆపకుండా వాయించినా ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న హెడ్‌ఫోన్‌కి మార్చుకునే గడువు చాలాచోట్ల ఏడు రోజులు. మామూలు మనిషిలా రోజుకి రెండు గంటలు వింటే ఆ రెండొందలు నిండేసరికి మూడు నెలలు దాటుతుంది. అంటే, ఈ సలహా పాటించిన ఏ ఒక్కరూ గడువులోగా వస్తువు తిరిగివ్వలేరు. ఆ మెసేజ్ రాసిందెవరో కానీ, అమ్మేవాడికి ఇంతకంటే మేలు చేసే పాయింట్ ఇంకోటి ఉండదు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. మా పిన్ని కొడుకు కొన్న హెడ్‌సెట్‌లో ఎడమవైపు తేడాగా ఉండేది. నేనూ పెట్టుకుని విన్నాను. తబలాలో ఎడమచేతి దెబ్బ పడ్డప్పుడల్లా ఎడమ కప్పులో పల్చటి కాగితం అదిరినట్టు జర్రుమనేది. సౌండ్ తగ్గిస్తే పోయేది, పెంచితే వచ్చేది. కుడివైపు శుభ్రంగా ఉంది. ఇలాంటి చప్పుడుకి కారణం సాధారణంగా పొరకి తగులుతున్న వెంట్రుకో, సందులో రాసుకుంటున్న తీగచుట్టో అయి ఉంటుంది. వాడు షాపుకి ఫోన్ చేస్తే "కొత్తది కదా సార్, బ్రేక్-ఇన్ అవ్వాలి, వాడుతూ ఉండండి" అన్నారు. ఈ ఫార్వర్డ్ కూడా అదే మాట చెప్పేసరికి వాడు బుద్ధిగా రాత్రుళ్లు నాయిస్ పెట్టి పడుకున్నాడు. తర్వాత వెళ్తే గడువు దాటింది, సర్వీస్ సెంటర్‌కి వెళ్లమన్నారు. అక్కడ జాబ్ షీట్ రాసుకుని, ఎప్పటినుంచి వస్తోందని అడిగారు. మొదటి రోజు నుంచీ అన్నాడు. మరి మొదటి రోజే ఎందుకు మార్చుకోలేదని ఎదురుప్రశ్న! వాడి దగ్గర జవాబు లేదు.

డిఫెక్ట్ ఉంటే వారంటీలో ఏదో ఒకటి చేస్తారు, తిరగాల్సినంత తిరిగాక. కేవలం సౌండ్ నచ్చలేదంటే వారంటీ వర్తించదు. నచ్చకపోతే వెనక్కిచ్చే అవకాశం ఉంటే అది ఆ గడువులోనే. ఆ నాలుగు రోజులనీ "ఇంకా సెట్ అవ్వలేదు" అనే మాటకి ధారపొయ్యమంటున్నారు.

ఫుల్ వాల్యూమ్‌లో వాయిస్తూ "మధ్యలో చెవులకి పెట్టుకోండి" అన్న సలహాకి నాకు నవ్వు కూడా రాలేదు. ఫ్యాక్టరీల్లో చప్పుడు మధ్య పనిచేసేవాళ్ల కోసం అమెరికా సంస్థ నియోష్ పెట్టిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. ఫుల్ వాల్యూమ్‌లో చాలా హెడ్‌ఫోన్లు ఆ 100 దాటగలవు. దాన్ని చెవులకి పెట్టుకుని చెవులు సెట్ చేసుకోమంటున్నాడు ఈయన. వినికిడి పోతే వచ్చే సెట్ ఒకటే, చెవి వెనక పెట్టుకునేది. గంటల తరబడి ఫుల్ వాల్యూమ్‌లో తీగచుట్ట వేడెక్కి డ్రైవరే పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అది జరిగితే సౌండ్ మారడం మాత్రం ఖాయం.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మెసేజ్ పంపేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. రెండు మూడు వారాలకి సౌండ్ నిజంగానే మారుతుంది, కొలిచినా తెలిసేంత మారుతుంది. మారేది డ్రైవర్ వల్ల కాదు, కప్పుల అంచున చెవి చుట్టూ ఆనే దిండ్ల వల్ల.

మీ దగ్గర పెద్ద కప్పుల హెడ్‌ఫోన్ ఉంటే బేస్ ఎక్కువున్న పాట పెట్టి, రెండు కప్పుల్నీ వేళ్లతో మెల్లగా చెంపలకి అదమండి. బేస్ ఒక్కసారిగా ఉబుకుతుంది. వదలండి, పోతుంది. నాలాంటి కళ్లజోడు వాళ్లకి ఇది రోజూ తెలిసే విషయం. కొత్త దిండు గట్టిగా ఉంటుంది, కళ్లజోడు కాడ దగ్గర సన్నటి సందు మిగులుతుంది, బేస్ అంతా అందులోంచి కారిపోతుంది. వాడగా వాడగా ఒంటి వేడికి, చెమటకి స్పాంజి మెత్తబడి కాడ చుట్టూ సర్దుకుంటుంది, సందు మూసుకుపోతుంది. ఇది జరగాలంటే హెడ్‌ఫోన్ తలమీద ఉండాలి. బీరువాలో పెట్టి వంద గంటలు నాయిస్ వాయిస్తే దిండుకి మీ చెంప ఆకారం ఎలా తెలుస్తుంది?

పెద్ద స్పీకర్ల విషయంలోనూ వాళ్లదే పైచేయి. ఊఫర్ (బేస్ వాయించే స్పీకర్) వెనక స్పైడర్ అని, కోన్‌ని పట్టి ఉంచే రెసిన్ పట్టించిన గుడ్డ ఉంటుంది. కొత్తలో బిరుసుగా ఉండి, వాడకంతో సడలి, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే అది సహజంగా ఊగే వేగం, కాస్త కిందికి దిగుతుంది. అక్కడి మాట మోసుకొచ్చి హెడ్‌ఫోన్‌కి తగిలించినట్టున్నారు.

ఇక చెవి కొత్త సౌండ్‌కి అలవాటు పడటం సంగతి ఎలాగూ ఉంది. దానికి నాయిస్ అక్కర్లేదు, వాల్యూమ్ అంతకన్నా అక్కర్లేదు. అయితే ఆ అలవాటు నచ్చని సౌండ్‌కి కూడా అవుతుంది, అందుకే గడువు దాటనివ్వకూడదు. వాల్యూమ్ గురించి ఇంకోటి: కాస్త పెంచితే చెవికి బేస్ ఎక్కువ వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. "వందో గంటకి బేస్ వచ్చింది" అనేవాళ్లు అప్పటికి వాల్యూమ్ ఎక్కడ పెట్టుకున్నారో ఓసారి చూసుకోవాలి.

కొత్తది వచ్చిన రోజు సాయంత్రమే ఇవి చూడండి. గొంతు మధ్యలో వినిపిస్తోందా, ఒక పక్కకి లాగుతోందా. తక్కువ వాల్యూమ్‌లో 20 హెర్ట్జ్ నుంచి పైకి పోయే టెస్ట్ టోన్ పెడితే ఎక్కడైనా జర్రుమంటోందా. మైక్‌లో మీ మాట అవతలివాళ్లకి సరిగ్గా వినిపిస్తోందా. అరగంట పెట్టుకుంటే చెవులు నొప్పెడుతున్నాయా. ఏది తేడాగా ఉన్నా గడువు చూసుకుని వెనక్కి పంపెయ్యండి. షాపువాళ్లు బ్రేక్-ఇన్ అంటే, "సరే, గడువు కూడా రెండొందల గంటలకి పొడిగించి రాసివ్వండి" అని అడగండి. అప్పటిదాకా బిల్లు, బాక్సు, లోపలి అట్టముక్కలు, ఆ చిన్న ప్లాస్టిక్ సంచీ కూడా పారెయ్యకండి.