దోమల మెష్ బిగించిన బాత్రూంలో గ్యాస్ గీజర్‌కు గాలి ఏదీ?

విజయవాడ అపార్ట్‌మెంట్లలో గ్యాస్ గీజర్ పెట్టించేటప్పుడు నీళ్ల పాయింటు ఎక్కడ, సిలిండర్ ఎక్కడ అని చూస్తారు. మంటకు గాలి ఎటునుంచి వస్తుందని ఇంటివాళ్లు అడగరు, ప్లంబరూ చెప్పడు.

కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే 12 నుంచి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ గంటకు ముప్పాతిక కిలో పైనే కాలుస్తుంది. అంటే పది నిమిషాల స్నానానికి దాదాపు 1.7 ఘనపు మీటర్ల గాలి. అయిదడుగులు, ఏడడుగుల బాత్రూంలో, ఎనిమిదడుగుల ఎత్తుకు, ఉండే గాలే ఎనిమిది ఘనపు మీటర్లు. అన్నీ మూసుకుని ఉంటే ఆ పది నిమిషాల్లోనే ఆక్సిజన్ 21 శాతం నుంచి 17 కిందికి జారుతుంది. వెంటనే ఇంకొకరు స్నానానికి దిగితే ఆ మిగిలిన గాలితోనే మొదలుపెట్టాలి.

ఆక్సిజన్ చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే వచ్చే ఘాటు వాసన సిలిండర్‌లో కలిపిన రసాయనానిది; మండిపోయాక అదీ ఉండదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ పోవడం... లోపల గడియ పెట్టుకున్న మనిషి గడియ తీసేలోపే పడిపోవచ్చు. కొన్ని గీజర్లలో ఇరవై నిమిషాలకు ఆగే టైమర్ ఉంటుంది. కుళాయి కట్టి మళ్లీ తిప్పితే లెక్క మొదటికొస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేం.

అమెరికా గ్యాస్ కోడ్ లెక్కన, గది గాలితోనే సరిపెట్టుకోవాలంటే ఇంత గీజర్‌కు రెండు వేల ఘనపుటడుగుల దాకా గది ఉండాలి. మన బాత్రూం 280. అంత చోటు లేకపోతే పైకప్పు దగ్గర ఒకటి, నేల దగ్గర ఒకటి గాలి దారులు ఉండాలి, వాటికి వేసే జాలీ కన్ను పావంగుళానికి తగ్గకూడదు. పావంగుళం కన్నులోంచి దోమ హాయిగా దూరుతుంది! బందరు కాలువ, ఏలూరు కాలువ పక్కన ఉండేవాళ్లు సన్న మెష్ వేయకుండా ఎలా ఉంటారు? ఆ మెష్ దుమ్ముతో, సబ్బు జిడ్డుతో పూడుకుపోతుంది. వెంటిలేటర్ ఉన్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం ఆడదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. కింద గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ వేస్తే, పొగగొట్టం ఉన్న గీజర్‌లో ఆ గొట్టంలోంచే పొగను వెనక్కి లాగుతుంది.

అందుకే దోమల ఊళ్లో గ్యాస్ గీజర్ చోటు బాత్రూం కాదు, తెరిచి ఉన్న బాల్కనీయే. వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి; దూరం ఎక్కువైతే పైపుకు ఇన్సులేషన్ తొడగాలి. అద్దాలతో మూసేసిన యుటిలిటీ మళ్లీ బాత్రూంతో సమానమే. ఫ్లాట్ కట్టే దశలోనే బిల్డర్ ఈ పైపు వేస్తే ఖర్చు తక్కువ. ప్లాన్ అనుమతుల్లోనే దీన్ని తప్పనిసరి చేయాలన్నది మా అభిప్రాయం.

ఇప్పటికే లోపల బిగించుకున్నవాళ్లు, మార్పించేదాకా, తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, కొన్ని నిమిషాలు గాలి ఆడనిచ్చి ఆ తర్వాతే గడియ పెట్టుకోండి. మంట పసుపు తిరిగినా, గీజర్ పైన గోడకు మసి పట్టినా ఆ రోజు నుంచే వాడకం ఆపాలి.